ఆదివాసీల సృష్టిగాథలు ఖండాల పుట్టుకను గుర్తుపెట్టుకున్నాయా?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ‘మొదట అంతా నీరే, ఆ నీటిలోంచి నేల పైకి వచ్చింది’ అనీ, ‘ఒకప్పుడు కలిసి ఉన్న నేల విడిపోయింది’ అనీ ఎన్నో ఆదివాసీ జాతులు చెప్పుకుంటాయి కదా, అది పాంజియా (ఒకప్పుడు ఖండాలన్నీ కలిసి ఉన్న ఒకే నేల), గోండ్వానా (అందులో దక్షిణ భాగం) మహాఖండాల జ్ఞాపకమేనా అన్నది మొదటిది. కాకపోతే అవన్నీ పుక్కిటి పురాణాలేనా అన్నది రెండోది. మొదటిదానికి నా సమాధానం ‘కాదు’. రెండోదానికి కూడా ‘కాదు’ అనే చెబుతాను, ఇంకా గట్టిగా. భూవిజ్ఞానంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిని. మేము రాళ్లు వెతుక్కుంటూ తిరిగే నేలల్లో చాలా భాగం ఆదివాసీలవే. ఆ కథలను అపార్థం చేసుకునేవాళ్లు రెండు వైపులా ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు కాలం లెక్క. పాంజియా చీలడం మొదలై సుమారు 20 కోట్ల ఏళ్లు. భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయి దాదాపు 13 కోట్ల ఏళ్లు, మడగాస్కర్ నుంచి విడిపోయి 9 కోట్ల ఏళ్లకు కాస్త తక్కువ, ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపడం మొదలుపెట్టి సుమారు 5 కోట్ల ఏళ్లు. మన మానవజాతి వయసు చూస్తే 3 లక్షల ఏళ్ల దగ్గర ఆగుతుంది. ఖండాలను మోసే భూమి పలకలు ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే కదులుతాయి. 5 సెంటీమీటర్లు అనుకున్నా, మనిషి పుట్టిన నాటి నుంచి ఈ రోజు వరకు ఒక ఖండం జరిగిన దూరం మొత్తం 15 కిలోమీటర్లు. అంత నెమ్మదిగా సాగే పనిని ఏ తరమూ కళ్లారా చూడలేదు, చూడనిదాన్ని కథగా అప్పజెప్పడమూ కుదరదు. ఖండాలు విడిపోవడం మనుషులకు గుర్తుంది అనే వాదన ఈ ఒక్క లెక్క దగ్గరే ఆగిపోతుంది.

మరి గోండ్వానా అన్న పేరు? గోండుల పేరే ఆ మహాఖండానికి ఉంది కాబట్టి గోండులకు దాని సంగతి తెలిసి ఉంటుందని మీరు రాశారు. ఆ పేరు పెట్టింది గోండులు కాదు, భూవిజ్ఞానులు. 1870లలో భారత భూవైజ్ఞానిక సర్వే వారు మధ్యభారతంలో గోండులు ఏలిన ప్రాంతంలోని బొగ్గు పొరలున్న రాళ్ల వరుసకు ‘గోండ్వానా’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పొరల్లో గ్లాసోప్టెరిస్ అనే, నాలుక ఆకారపు ఆకులున్న చెట్టు శిలాజాలు దొరికాయి. అవే ఆకులు దక్షిణార్ధగోళంలోని భూభాగాల రాళ్లలోనూ కనిపించేసరికి, ఇవన్నీ ఒకప్పుడు ఒకే నేల అయి ఉండాలని ఆస్ట్రియా భూవిజ్ఞాని ఎడ్వర్డ్ సూస్ 1885లో ఆ పేరును మొత్తం దక్షిణ మహాఖండానికి విస్తరించాడు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం మంచులో ప్రాణాలు వదిలినప్పుడు వారి వెంట సుమారు 16 కిలోల రాళ్లు ఉన్నాయి. చావు ముంచుకొస్తున్నా వాటిని పారేయలేదు. ఆ రాళ్లలోనూ గ్లాసోప్టెరిస్ ఆకు ముద్రలున్నాయి. ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

గోండుల సొంత గాథ వేరు. గుహలో బందీలైన తమ వాళ్లను గాథానాయకుడు లింగో విడిపించడం, గోత్రాలుగా ఏర్పాటు చేయడం, ఎవరు ఎవరితో వియ్యమందవచ్చో, ఏ దేవుణ్ణి కొలవాలో నిర్ణయించడం అందులోని అసలు విషయం. ఒక సమాజం ఎలా నిలబడాలో చెప్పే గొప్ప గాథ అది. దాన్ని ఖండచలనానికి సాక్ష్యంగా లాగడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే. అంతకన్నా బాధ కలిగించేది, దానివల్ల ఆ గాథ నిజంగా చెబుతున్నది ఎవరి చెవికీ ఎక్కకపోవడం.

సముద్రంలో మునిగిపోయిందని తమిళులు కొందరు చెప్పుకునే కుమరి ఖండం గురించి కూడా అడిగారు. మడగాస్కర్‌లోనూ భారతదేశం వైపునా లెమూర్‌లకు (కోతుల దూరపు బంధువులు) సంబంధించిన జంతువులు ఉండటం చూసి, మధ్యలో మునిగిపోయిన నేల ఒకటి ఉండాలని 1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే జంతుశాస్త్రవేత్త ‘లెమూరియా’ను ఊహించాడు. ఖండాలు కదులుతాయని అప్పటికి తెలియదు కాబట్టి ఆ ఊహ సహేతుకమే. తర్వాత అది దివ్యజ్ఞాన సమాజం వారి రచనల్లోకి, అక్కడి నుంచి తమిళ అభిమానుల చేతుల్లోకి వెళ్లి మానవ నాగరికత పుట్టిన కుమరి ఖండంగా మారింది. 2017లో మారిషస్ లావాలో సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలు దొరికినప్పుడు ‘మునిగిన ఖండం దొరికింది’ అని పత్రికలు రాశాయి. దొరికిన మాట నిజమే. భారతం, మడగాస్కర్ విడిపోయేటప్పుడు తెగిపడిన పాత నేల ముక్క అది. దాని మీద మనుషులు తిరిగి ఉండే అవకాశమే లేదు. సముద్రం ఊళ్లను మింగిందన్న తమిళ సంప్రదాయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్ర మట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు తక్కువ. అప్పుడు శ్రీలంకకూ దక్షిణ భారతానికీ మధ్య పొడి నేల ఉండేది. మునిగింది ఖండం కాదు, తీరం. ఈ తేడా ముందు ముందు చాలా పనికొస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ. సంతాల్‌ల సృష్టిగాథను నార్వే మిషనరీ స్క్రెఫ్స్‌రుడ్, కొలియన్ అనే వృద్ధ గురువు నోట విని రాసుకున్నాడు. 1887లో అది అచ్చయింది. ఆ కథలో మొదట అంతా నీరే. నీటిలో బతికే ప్రాణులను సృష్టికర్త ఠాకూర్ పుట్టించాడు. తర్వాత తన రొమ్ము వెంట్రుకలతో హాస్, హాసిల్ అనే రెండు పక్షులను చేశాడు. అవి ఎగిరి ఎగిరి అలసిపోయి, వాలడానికి చోటు లేక ఠాకూర్ దగ్గరికే వచ్చాయి. వాటి కోసం నీటి అడుగు నుంచి నేలను తెమ్మని ఆయన ఒక్కొక్క ప్రాణినీ పిలిచాడు. మొసలి దిగింది. తెస్తుంటే మట్టి అంతా నీటిలో కరిగిపోయింది. రొయ్య తెచ్చింది, కరిగిపోయింది. పీత తెచ్చిందీ అంతే. చివరికి వానపాము వచ్చి, తాబేలు నీటి మీద నిలబడితే నేను తెస్తానంది. తాబేలు కాళ్లకు నాలుగు వైపులా గొలుసులు కట్టి నిలబెట్టారు. వానపాము తోకను దాని వీపు మీద ఉంచి, నోటితో అడుగున మట్టి తింటూ, తోక వైపు నుంచి వదులుతూ పోయింది. నేల పొరలు పొరలుగా పేరుకుంది. ఠాకూర్ దాన్ని పలుగుమానుతో చదును చేయించాడు. చదును కాక మిగిలిన గడ్డలే కొండలయ్యాయి. ఆ తర్వాత గడ్డి మొలిచింది, గడ్డిలో పక్షులు గుడ్లు పెట్టాయి, ఆ గుడ్లలోంచి తొలి మానవులు పిల్చు హడాం, పిల్చు బుడీ వచ్చారు.

ఇప్పుడు సంతాల్‌లు, ముండాలు, హోలు నివసించే జార్ఖండ్, ఒడిశా సరిహద్దుల్లోని సింగ్‌భూమ్ ప్రాంతం సంగతి చూడండి. అక్కడి ఇసుకరాళ్లను, గ్రానైట్లను ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రియదర్శి చౌధురి, ఆయన సహచరులు పరిశీలించి 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. 300 కోట్ల ఏళ్లకు పైబడిన ఆ ఇసుకరాళ్లలో నదుల, సముద్రపు ఒడ్డుల గుర్తులున్నాయి. ఇసుక ఉందంటే, దాన్ని అరగదీసి ఇచ్చిన నేల ఏదో గాలికీ వానకూ తెరుచుకుని ఉండి ఉండాలి. గ్రానైట్ల రసాయనాన్ని బట్టి వాళ్లు తేల్చింది ఏమిటంటే, అడుగు నుంచి శిలాద్రవం విడతలు విడతలుగా వచ్చి చేరి అక్కడి పైపొర దాదాపు 50 కిలోమీటర్ల మందం వరకు పెరిగింది, గ్రానైట్ చుట్టూ ఉన్న రాతికన్నా తేలిక కాబట్టి 330 నుంచి 320 కోట్ల ఏళ్ల కిందట ఆ నేల సముద్రం మీదికి తేలింది. భూమి మీద నీటిలోంచి పైకి వచ్చిన తొలి ఖండ భాగాల్లో సింగ్‌భూమ్ ఒకటి అన్నమాట.

‘అంతా నీరే, అందులోంచి నేల పొరలుగా పైకి లేచింది’ అని చెప్పుకునే జనం సరిగ్గా అలాంటి నేల మీదే ఉన్నారు. ఈ పోలిక నా మనసును పట్టి వదలదు. అయినా ఇది కాకతాళీయమే, జ్ఞాపకం కాదు. కారణాలు రెండు. 320 కోట్ల ఏళ్ల కిందట భూమి మీద సూక్ష్మజీవులు తప్ప మరేమీ లేవు, చూసి చెప్పేవారు లేరు. రెండోది, ఇదే కథ సింగ్‌భూమ్‌కు ఎంతో దూరంలోనూ ఉంది. ఉత్తర అమెరికాలో హౌడెనోషౌనీ ప్రజలు చెప్పే గాథలో ఆకాశం నుంచి పడుతున్న స్త్రీని నీటిపక్షులు రెక్కల మీద పట్టుకుంటాయి. నీటెలుక అడుగుకు మునిగి గుప్పెడు మట్టి తెస్తుంది, దాన్ని తాబేలు వీపు మీద పరిస్తే నేల అవుతుంది. సైబీరియాలో అడుగుకు మునిగేది ఒక నీటిపక్షి. భూమిని నీటిలోంచి ఎత్తిన వరాహం కథ మనకు తెలిసిందే. ఇంత విస్తారంగా ఉన్న కథ ఒక చోటి రాళ్ల చరిత్రను చెబుతోందనలేం. అది ఉత్తర ఆసియా నుంచి మనుషులతో పాటు అమెరికాకు నడిచివెళ్లి ఉంటుందని జానపద కథల పటాలు గీసిన పండితులు కొందరు భావిస్తారు. నాకూ అదే నమ్మదగినదిగా అనిపిస్తుంది.

మరి సంతాల్ గాథలో నిజం లేదా? ఉంది, కానీ మనం వెతికే చోట లేదు. వానపామును చూడండి. వాన వెలిసిన మర్నాడు పొలం గట్టున కూర్చుంటే చిన్న చిన్న గుండ్రటి మట్టి ఉండలు కుప్పలుగా కనిపిస్తాయి. వానపాము లోపలి మట్టిని తిని పైకి వదిలిన ముద్దలవి. అలా ఒక ఎకరంలో ఏటా 10 టన్నులకు పైగా మట్టి వానపాముల పొట్టల గుండా పైకి వస్తుందని డార్విన్ 1881లో లెక్కగట్టినప్పుడు చదువుకున్నవాళ్లు ఆశ్చర్యపోయారు. సంతాల్ పెద్దలు అదే విషయాన్ని సృష్టికథకు కేంద్రంలో పెట్టుకున్నారు. మొసలి బలం, పీత డెక్కలు చేయలేని పనిని వానపాము నోరు చేసింది. మనం నిలబడే నేలను చేసేది ఎవరో వాళ్లు వంగి చూసి తెలుసుకున్నారు. ఇది పరిశీలన, శుద్ధమైన పరిశీలన. మహాఖండాల జ్ఞాపకం అని దానికి లేని కిరీటం పెట్టనక్కరలేదు.

పరిశీలన ఎంత దూరం పోగలదో చూపడానికి హవాయిని మించిన ఉదాహరణ లేదు. అగ్ని దేవత పెలే తన అక్క, సముద్ర దేవత నామకాఒకహాయి తరుముతుంటే ముందు కవాయి వైపు ద్వీపాల్లో నివాసం తవ్వుకుంది. నిప్పు నిలవలేదు. ఒవాహుకు వచ్చింది, మౌయికి వచ్చింది, అక్కడా నీళ్లు నిప్పును ఆర్పాయి. చివరికి ఆగ్నేయ కొసన ఉన్న పెద్ద ద్వీపంలో కిలవేయా అగ్నిపర్వతం మీద స్థిరపడింది. ఆ ద్వీపాల వయసు చూస్తే కవాయికి సుమారు 50 లక్షల ఏళ్లు, ఆగ్నేయానికి పోయేకొద్దీ తగ్గుతూ పెద్ద ద్వీపం 10 లక్షల ఏళ్లలోపుది. భూగర్భంలో ఒకే చోట ఉన్న వేడి మచ్చ మీదుగా పసిఫిక్ పలక జరిగిపోతుంటే ద్వీపాలు ఒకదాని తర్వాత ఒకటి పుట్టాయని 1963లో కెనడా భూవిజ్ఞాని టూజో విల్సన్ వివరించాడు. పెలే ప్రయాణపు వరుస, విల్సన్ వరుస ఒక్కటే.

హవాయి ప్రజలు ఆ ద్వీపాలకు చేరి వెయ్యేళ్లకు మించదు. కవాయి అగ్నిపర్వతం మండుతుండగా చూసినవారు లేరు. కానీ వాళ్లు కవాయిలో కోసుకుపోయిన లోయలు, ఎర్రమట్టి, దట్టమైన అడవి చూశారు. పెద్ద ద్వీపంలో ఆకు మొలవని నల్ల లావా చూశారు. మధ్యలో ఉన్న ద్వీపాల్లో ఈ రెంటికీ మధ్యస్థితి చూశారు. ఏది ముసలిది, ఏది పసిది అని నేలను చదివారు, చదివినదాన్ని ఒక దేవత ప్రయాణంగా కట్టారు. మేము మొదటి ఏడాది విద్యార్థులకు నేర్పే పని ఇదే. కిలవేయా విషయంలో మాత్రం చూపుతో పాటు జ్ఞాపకం కూడా ఉంది. పెలే చెల్లెలు హియియకాకు ఇష్టమైన అడవి తగలబడటం, తర్వాత ఆమె ఆగ్రహంతో లోతుగా తవ్వడం అనే ఘట్టాలను 15వ శతాబ్దంలో దశాబ్దాల పాటు సాగిన లావా ప్రవాహంతోనూ, ఆ తర్వాత శిఖరం కూలి ఏర్పడిన గుంటతోనూ డాన్ స్వాన్సన్ అనే అగ్నిపర్వత శాస్త్రవేత్త 2008లో జోడించి చూపాడు. ఆ గుంట 1790లో ఏర్పడిందని అప్పటిదాకా మా వాళ్లు నమ్మారు. కథను ముందే పట్టించుకుని ఉంటే ఆ పొరపాటు అంతకాలం నిలిచేది కాదని ఆయనే రాశాడు.

నిజంగా కళ్లారా చూసి తరతరాలకు అప్పగించిన కథల్లో నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనవి ఉత్తర అమెరికా పశ్చిమ తీరానివి. వాంకూవర్ ద్వీపం నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా ఉన్న తెగల్లో ఉరుము పక్షికీ తిమింగలానికీ జరిగిన పోరు గురించి, నేల కంపించి సముద్రం లోపలికి వచ్చిన రాత్రి గురించి కథలున్నాయి. 1964లో హూ-అయ్-అహ్త్ తెగ పెద్ద లూయీ నూక్‌మిస్ చెప్పిన కథలో దేవతలు లేరు. పచీనా తీరంలోని ఊరు రాత్రివేళ నేల కంపించాక వచ్చిన పెద్ద నీటితో తుడిచిపెట్టుకుపోయింది, పడవలు అందుకునే వ్యవధి కూడా దొరకలేదు, ఎత్తు మీద ఇళ్లు కట్టుకున్నవారు మాత్రం బతికారు అంటాడాయన. అప్పటికి ఆ తీరంలో అంత పెద్ద భూకంపం రాగలదని శాస్త్రవేత్తలు అనుకోలేదు. 1980లలో బ్రయాన్ ఆట్‌వాటర్ అనే భూవిజ్ఞాని వాషింగ్టన్ రాష్ట్ర తీరపు బురద చిత్తడుల్లో తవ్వుతూ, ఒక్కసారిగా కుంగిపోయిన పాత నేలను, దాని మీద సునామీ పరిచిన ఇసుక పొరను చూపించాడు. ఉప్పునీటిలో నిలబడే చచ్చిన దేవదారు చెట్ల వలయాలు 1699 తర్వాత పెరగలేదు. జపాన్ గ్రామాల దస్తావేజుల్లో భూకంపమేమీ లేకుండా వచ్చిన సునామీ నమోదై ఉంది. వెనక్కి లెక్కగడితే 1700 జనవరి 26 రాత్రి 9 గంటల ప్రాంతంలో, సుమారు 9 తీవ్రతతో ఆ కంపం వచ్చింది. రాత్రి అన్న మాట కూడా ఆ కథలో ఉంది. ఆ కథలను సమయానికి విని ఉంటే అక్కడి పట్టణాలను, వంతెనలను అందుకు తగినట్టు కట్టడం ఎప్పుడో మొదలయ్యేది. అందుకే ‘అవన్నీ కల్పనలు’ అని తేలిగ్గా తీసిపారేసేవారి మీద నాకు కోపం వస్తుంది.

1700 నుంచి 1964 దాకా 264 ఏళ్లు. అంతకన్నా ఎంతో వెనక్కి పోయే కథలు ఉన్నాయా? ఆరెగాన్‌లో క్లామత్ ప్రజల కథలో పాతాళపు దేవుడు లావో, పైలోకపు స్కెల్ అగ్నిరాళ్లు రువ్వుకుంటూ యుద్ధం చేస్తారు. చివరికి లావో నిలబడ్డ పర్వతం అతని మీదే లోపలికి కూలిపోతుంది, ఆ గుంటలో నీరు నిండుతుంది. అదే ఇప్పటి క్రేటర్ లేక్, 594 మీటర్ల లోతు. సుమారు 7,700 ఏళ్ల కిందట మజామా పర్వతం బద్దలై, కింద శిలాద్రవం ఖాళీ అయ్యాక శిఖరం తన గర్భంలోకే కూలిపోయింది. ఆ విస్ఫోటపు బూడిద పొర కింద, దగ్గర్లోని ఫోర్ట్ రాక్ గుహలో నార చెప్పులు దొరికాయి కాబట్టి మనుషులు అక్కడ ఉన్న మాట ఖాయం. ‘పర్వతం పేలి ఎగిరిపోయింది’ అనుకోవడమే ఎవరికైనా సహజం. ‘లోపలికి కూలింది’ అని చెప్పడమే నన్ను ఈ కథ వైపు మొగ్గేలా చేస్తుంది.

ఆస్ట్రేలియా మూలవాసుల కథలు ఇంకా వెనక్కి పోతాయి. దక్షిణ తీరంలో ఙారింజెరి ప్రజల పూర్వీకుడు ఙురుండెరి, పారిపోతున్న తన ఇద్దరు భార్యలను వెంబడించాడు. వాళ్లు కంగారూ ద్వీపానికి నడిచి పోతుండగా నీటిని పైకి రమ్మని ఆజ్ఞాపించాడు. మునిగిపోయిన భార్యలు రాళ్లుగా మారారు, ఇప్పుడు వాటిని పేజెస్ దీవులంటారు. ఆ ద్వీపానికి నడిచి వెళ్లగలిగిన రోజులు సుమారు 10,000 ఏళ్ల కిందటివి. మంచుయుగం ముగిసి సముద్రం పెరిగి దారిని కప్పేసింది. ఇలా సముద్రం నేలను మింగిన కథలు ఆస్ట్రేలియా చుట్టూ 21 చోట్ల ఉన్నాయని పరిశోధకులు ప్యాట్రిక్ నన్, నికోలస్ రీడ్ చూపించారు. అంతకాలం నోటిమాట చెక్కుచెదరకుండా ఎలా ఉంటుందన్న మీ సందేహం న్యాయమైనదే. కొన్ని వందల ఏళ్లు దాటితే మౌఖిక చరిత్ర నమ్మదగదని వాదించే పండితులు ఇప్పటికీ ఉన్నారు. దానికి నా జవాబు ఆ కథలను కాపాడే ఏర్పాటులో ఉంది. తండ్రి తన నేల కథను కొడుకుకు నేర్పుతాడు. కొడుకు సరిగ్గా నేర్చుకున్నాడో లేదో అతని మేనల్లుళ్లు, మేనకోడళ్లు పరీక్షించాలి, తప్పు చెబితే దిద్దాలి. ఒకే సమయంలో మూడు తరాలు ఒకే కథకు కాపలా. పైగా ఆ కథ ఎక్కడో గాలిలో లేదు, ఫలానా రాయికి, ఫలానా దీవికి కట్టి ఉంది. ఆ దారిన నడిచిన ప్రతిసారీ చెప్పి తీరాలి. మారకుండా ఉంచాలన్న పట్టుదల అంత ఉన్నచోట వేల ఏళ్లు నిలవడం అసాధ్యమేమీ కాదని నా నమ్మకం. విక్టోరియా రాష్ట్రంలో గుండిట్జ్‌మారా ప్రజల బుజ్ బిమ్ అగ్నిపర్వతం సుమారు 37,000 ఏళ్ల కిందట పేలిందని 2020లో తేల్చారు. నలుగురు మహాకాయులు వచ్చిన వారి కథ ఆ పేలుడు జ్ఞాపకమే కావచ్చన్నారు. ఇక్కడ నేను ‘కావచ్చు’ దగ్గరే ఆగుతాను.

న్యూజీలాండ్ కథను మీరు ప్రత్యేకంగా ప్రస్తావించారు. మావుయి అనే గాథావీరుడు తన పూర్వజురాలి దవడ ఎముకను గాలంగా చేసి ఉత్తర ద్వీపాన్ని చేపలా పైకి లాగాడు, అతని అన్నలు ఆ చేపను కోసేస్తే కొండలు లోయలు ఏర్పడ్డాయి అంటారు మావోరీలు. న్యూజీలాండ్‌ను మోసే జీలాండియా అనే ఖండం 49 లక్షల చదరపు కిలోమీటర్లు, అందులో 94 శాతం నీట మునిగి ఉందని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించగానే ‘మావుయి గాలం నిజమే’ అన్నవారున్నారు. జీలాండియా మునిగింది, తేలింది కోట్ల ఏళ్ల వ్యవహారం. మావోరీలు అక్కడికి వచ్చింది సుమారు 700 ఏళ్ల కిందట. అయితే అది నేల నిజంగానే పైకి లేచే దేశం. 1855 భూకంపంలో వైరరాపా వైపు తీరం కొన్నిచోట్ల 6 మీటర్ల దాకా ఒక్కరోజులో లేచింది. తీరం వెంట మెట్లు మెట్లుగా ఉన్న పాత సముద్రపు ఒడ్డులు అలాంటివి అంతకుముందూ ఎన్నో జరిగాయని చెబుతాయి. నీటిలోంచి నేలను లాగడం అక్కడివారికి కంటికి ఆనే సంగతే.

ఇన్ని చెప్పాక కూడా, అన్ని కథలనూ ‘జ్ఞాపకమా, పరిశీలనా’ అనే రెండు పెట్టెల్లో సర్దడం సరికాదు. ఆస్ట్రేలియా నడుమ ఉన్న ఉలురు అనే పెద్ద రాతి గురించి అక్కడి మూలవాసులైన అనాంగు ప్రజలు చెప్పే జుకుర్పాలో (వారి పూర్వీకుల గాథలు, కట్టుబాట్లు) ఆ రాతి మీది ప్రతి పగులూ ఒక పూర్వీకుడి చర్యకు గుర్తు. భూవిజ్ఞానం చెప్పేదాని ప్రకారం 50 కోట్ల ఏళ్లకు పైబడి కిందట కొండల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక గట్టిపడి, ఆ తర్వాత పొరలు దాదాపు నిటారుగా తిరిగాయి. ఈ రెండూ పోటీ సమాధానాలు కావు. జుకుర్పా ఒక చట్టం. ఎక్కడ నడవాలి, ఏ చోటు ఎవరిది, ఎవరి పట్ల ఎలా ఉండాలి అని అది చెబుతుంది. 2019 అక్టోబరులో ఉలురు ఎక్కడాన్ని నిషేధించినప్పుడు అమలైంది ఆ చట్టమే. ‘మేము ఈ నేలలోంచే పుట్టాం’ అనే గాథలనూ అలాగే వినాలి. జన్యుశాస్త్రం వలసల దారులు చూపుతుంది, నిజమే. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో 21,000 నుంచి 23,000 ఏళ్ల నాటి కాలిముద్రలు 2021లో వెలుగుచూసి, అమెరికాకు మనుషులు వచ్చిన తేదీని పాత అంచనా కన్నా ఎన్నో వేల ఏళ్లు వెనక్కి జరిపాయి. అన్ని వందల తరాలు ఒకే నేల మీద బతికిన జనం ‘మేము ఇక్కడివాళ్లం’ అంటే అందులో దిద్దాల్సిన తప్పేమీ నాకు కనిపించదు.

చివరగా, ఇలాంటి పోలిక ఏదైనా మీ కంటపడినప్పుడు నమ్మాలో లేదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. నేను మొదట చూసేది ఆ కథను ఎప్పుడు, ఎవరి నోట విని రాసుకున్నారన్నది. బడి పుస్తకాల్లోకి పాంజియా పటం వచ్చాక సేకరించిన కథలో ‘కలిసి ఉన్న నేల విడిపోయింది’ అని ఉంటే, ఆ మాట బడి నుంచి వచ్చిందా పెద్దల నుంచి వచ్చిందా అని వాకబు చేయాలి. చెప్పినవారి నిజాయితీ మీద అనుమానం కాదిది. జీవించి ఉన్న సంప్రదాయం కొత్త సంగతులను కలుపుకుంటుంది, అది దాని ఆరోగ్యం. తర్వాత, కథలో ఆ చోటికే చెందిన వివరం, అక్కడ నిలబడి చూస్తే ఊహించలేని వివరం ఏదైనా ఉందా అని చూస్తాను. మజామా లోపలికి కూలడం అలాంటిది, ‘అంతా నీరే’ అన్నది అలాంటిది కాదు. ఆ సంఘటన జరిగేటప్పటికి మనుషులు అక్కడ ఉన్నారా అన్నది ఇంకొకటి. ఈ ఒక్క ప్రశ్నకే ఖండాల కథలన్నీ వీగిపోతాయి. వీటన్నిటితో పాటు, ఆ కథ బయటివారికి చెప్పడానికి ఆ జనం అనుమతి ఉందో లేదో కూడా కనుక్కోండి. కొన్ని గాథలు ఫలానా వయసువారికి, ఫలానా కాలంలోనే చెప్పాలన్న కట్టుబాటు ఉంటుంది. మీరు పంపిన కథల్లో మూడోదానికి సేకరించిన సంవత్సరం గానీ చెప్పినవారి తెగ పేరు గానీ లేవు కాబట్టి దాని జోలికి పోలేదు. ఆ రెండు వివరాలు దొరికితే రాయండి, దాని గురించి నాకు తెలిసింది తప్పక చెబుతాను.